మిరపకోత చేతులు

పురుగుమందుల కొట్టు లేని వీధి దొరకని ప్రాంతంలో, పురుగుల్ని తెచ్చి వదిలిపెట్టే ఉద్యోగం చేస్తానంటే జనం ఊరుకుంటారా? క్రిస్టీనాకి "పురుగుల మేడం" అని పేరు పెట్టేశారు. దొండవారిపాలెంలో ఆమె స్కూటీ ఆగితే చాలు, టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు "ఏం మేడం, ఇవాళ ఏ పురుగుని దింపావు?" అని అడిగేవాళ్లు. ఆమె కూడా నవ్వేసేది. పుట్టి పెరిగిన ఊళ్లో ఆ మాత్రం వేళాకోళం లేకపోతే ఏదో వెలితిగా ఉండేది ఆమెకి.

నిజానికి ఎనిమిదేళ్లుగా ఆమె పని, పరాయి దేశాల నుంచి వచ్చి మన పొలాల్లో మకాం వేసిన పురుగుల సంగతీ మొక్కల సంగతీ చూడటం. మొక్కజొన్నలో కత్తెర పురుగు దిగినప్పుడు ఊరూరా తిరిగి మొక్కల ఆకుసుడుల్లోకి తొంగి చూసింది. మిరపపూతలో నల్ల తామర పురుగు దూరిన ఏడాది, తెల్లకాగితం మీద పూలు దులిపి, చుక్కల్లా పాకే పురుగుల్ని కళ్లు కాయలు కాచేలా లెక్కపెట్టింది. గుంటూరు ఆఫీసులో ఆమెది ఫీల్డ్ అసిస్టెంటు ఉద్యోగం, అదీ కాంట్రాక్టు మీద. అయినా ఆ ఉద్యోగం ఇచ్చినందుకు దేవుడికి ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి మరీ కృతజ్ఞత చెప్పుకునేది. అందుకు కారణం వాళ్లమ్మ వీరమ్మ.

వీరమ్మ మిరపకోతల్లో ఊరంతటికీ పేరున్న మనిషి. ఆమె సాలు పట్టిందంటే వెనక వచ్చేవాళ్లు పరుగెత్తాల్సిందే. క్రిస్టీనా ఆరో తరగతిలో ఉండగా ఆ చేతులకే దురద మొదలైంది. తర్వాత మెడ నల్లబడింది, కనురెప్పలు వాచాయి, చర్మం ఎండిన చెరువుమట్టిలా పగిలింది. జనం నానా రకాలుగా అనుకున్నారు. కొందరు పెద్దరోగమన్నారు. ఒకరోజు ఆమెని కోతలకి రావద్దన్నారు. ఎవరన్నారని కూతురు ఎన్నిసార్లు అడిగినా, "ఎవరైతే ఏంలేవే" అనేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది వీరమ్మ. పొలం ఆసాములే అని ఉంటారని క్రిస్టీనా తనలో తాను తేల్చేసుకుంది.

అయిదేళ్లు అలాగే గడిచాక గుంటూరు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ, రోగం సంగతి పక్కనపెట్టి, "మీ ఇంటి చుట్టూ ఏం మొక్కలున్నాయమ్మా?" అని అడిగింది. ఇంటి చుట్టూ ఉండేదేముంది? వయ్యారిభామే. తెల్లటి చిన్న పూలు, క్యారెట్ ఆకులాంటి ఆకు, చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. గట్ల మీదా, రోడ్డు పక్కనా, బడి వెనకా, ఖాళీ జాగా కనబడితే చాలు వచ్చి కూర్చుంటుంది. ఎక్కడో అమెరికా ఖండాల మొక్క, మన నేలమీద దాన్ని తినే పురుగు లేక, అడిగేవాడు లేక విర్రవీగుతోంది. ఆ మొక్కే వీరమ్మ ఒంటికి పడటం లేదు.

మందులతో కొంత నయమైంది గానీ ఊళ్లో ఉన్నన్నాళ్లూ పూర్తిగా తగ్గలేదు. చివరికి వీరమ్మ చీరాలలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. అక్కడ ఇసక నేల, చుట్టూ ఇళ్లు, ఆ మొక్క బాగా తక్కువ. నేతగాళ్లకి కండెలు చుట్టి పెడుతూ పదకొండేళ్లుగా అక్కడే ఉంది. చేతులు మామూలయ్యాయి. క్రిస్మస్‌కి ఊరొస్తే మూడోరోజుకల్లా రెప్పలు ఉబ్బుతాయి, మళ్లీ రైలెక్కుతుంది. "నా ఇంట్లో నా గిన్నెల్లో వండుకు తినాలనుందే క్రిస్టీనా" అని ఫోను చేసినప్పుడల్లా అనేది.

ఆమె డిప్లొమా చదివింది అందుకే, ఈ ఉద్యోగంలో చేరింది అందుకే. వయ్యారిభామని మాత్రమే తిని బతికే మెక్సికో పెంకుపురుగుల్ని వదిలే పథకం ఆఫీసుకి రాగానే, సైంటిస్టు శ్యామ్ సుందర్ గారి బల్ల ముందు నిలబడి, "సార్, మా ఊరు పెట్టండి" అని అడిగిందీ అందుకే.

ఆయన చాలా ఖచ్చితమైన మనిషి. "పెడతానమ్మా. కానీ ఒక షరతు. ఈ ఏడు వదులుదాం. వచ్చే ఏడు ఒక్క పురుగునీ వదలొద్దు. వాటంతట అవి భూమిలోంచి లేచి, తిని, పిల్లల్ని పెడితేనే మీ ఊరి నేల వాటికి పట్టినట్టు. అప్పుడు ఊరంతా వదలమని రాస్తాను. లేకపోతే పథకం ఇంకో జిల్లాకి పోతుంది" అన్నారు.

పంచాయతీ ఆఫీసు పక్కన అరెకరం పోరంబోకులో నడుం ఎత్తున వయ్యారిభామ ఉండేది. పోయినేడు వానాకాలంలో రెండు వేల పెంకుపురుగుల్ని అక్కడ వదిలింది క్రిస్టీనా. చలికాలం రాగానే అవి మట్టిలోకి దూరిపోయాయి. ఎండాకాలమంతా ఆ ఎండిన నేలకేసి చూస్తూ ఆమె పడ్డ బెంగ అంతా ఇంతా కాదు. ఈ ఏడు జూన్‌లో తొలి వాన పడిన మూడోరోజు పొద్దున ఒక లేత మొక్క మీద కందిగింజంత పురుగు కనబడింది. పాలమీగడ రంగు వీపు, దాని మీద ముదురు గోధుమరంగు గీతలు. ఇంకో మొక్క మీద ఇంకోటి. మొత్తం పదకొండు. ఆ బురదలోనే కూలబడి "వందనాలు తండ్రీ" అనుకుంది. ప్యాంటు బురదైన సంగతి స్కూటీ ఎక్కేదాకా ఆమెకి తెలియనే లేదు.

సెప్టెంబరుకి వేలకు వేలయ్యాయి. మొక్కల తలలు మొండిగా తయారయ్యాయి, పూలు సగానికి పడిపోయాయి. మిరపనారు నాటడానికి పోతూ ఆగిన కూలీ ఆడవాళ్లకి ఆమె ఆకు తిప్పి చూపించేది. సర్దార్‌బీ ముఠా అది. సర్దార్‌బీకి అరవై దగ్గర పడుతున్నా ఇరవైమంది ఆడవాళ్లని ఒక్క కేకతో నడిపే మేస్త్రి. "ఇదా, మీ అమ్మని ఊరొదిలించిన మొక్కని తినేది?" అని ఆమె ఒకసారి చాలాసేపు వంగి చూసింది. తర్వాత ముఠాని కేకేసి పనికి వెళ్లిపోయింది.

శ్యామ్ సుందర్ గారు చూడటానికి వచ్చేది గురువారం. బుధవారమంతా క్రిస్టీనా గుంటూరు ఆఫీసులో రిపోర్టు తయారీలో ఉండిపోయింది. మీటింగని ఫోను సైలెంటులో పెట్టింది. సాయంత్రం చూస్తే తెలియని నంబరు నుంచి ఆరు కాల్స్. ఎవరో లోన్లిస్తామనే వాళ్లయి ఉంటారని ఊరుకుంది.

రాత్రి గుంటూరులోనే ఉండిపోయి, గురువారం పొద్దున ఎనిమిదింటికి ఊళ్లో చిలకలూరిపేట బస్సు దిగేసరికి ఊరు పెళ్లివారిల్లులా ఉంది. రోడ్డుకి అటూ ఇటూ బ్లీచింగ్ పౌడరుతో గీతలు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా, నాలుగు కుర్చీలు, మంచినీళ్ల సీసాలు, ఒక పూలదండ. ఆ పక్కన అరెకరం పోరంబోకు అరచేతిలా చదునుగా, శుభ్రంగా ఉంది. ఒక్క మొక్క లేదు. అక్కడ కూడా నాలుగు పక్కలా బ్లీచింగ్ గీత.

పంచాయతీ మెంబరు యలమంద ఎదురొచ్చాడు. కొత్త పంచె కట్టాడు, మొహం వెలిగిపోతోంది.

"చూశావా అమ్మాయ్! మన ఊరి పిల్ల అంత పెద్దాఫీసరుని తీసుకొస్తంటే, పిచ్చిమొక్కలు చూపిస్తామా? నిన్న సర్దార్‌బీ ముఠాని పెట్టి పీకించా. ట్రాక్టరుకెత్తించి దిబ్బలో తగలబెట్టించా. ఒక్క మొక్క ఉంటే చెప్పు!"

క్రిస్టీనాకి చేతిలో రిపోర్టు సంచి బరువెక్కినట్టయింది.

"పురుగులు ఆ మొక్కల మీదేగా బాబాయ్ ఉండేది" అంది.

"పురుగులు నువ్వు సీసాలో పెట్టుకొస్తావు గదా చూపించటానికి?" అన్నాడాయన. అని, ఆమె మొహం చూసి, మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కొంప ముంచానా ఏంది?"

ఆమెకి ఆయన మీద కోపం వచ్చింది. కానీ ఆ కోపం నిలవలేదు. ఎండలో నిలబడి ఊరంతా ఊడ్పించింది ఆమె కోసమే కదా. ఆ పూలదండ ఆఫీసరుకి కాదు, తనకే తెప్పించాడని తర్వాత తెలిసింది. ఇంత ప్రేమ మీద ఎలా అరుస్తాం?

యలమంద గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దాం అమ్మాయ్. పురుగులే తినేశాయని చెబుదాం. మొదలు కూడా మిగల్చకుండా తిన్నాయని. ఆయనేమన్నా పొద్దుగూకులూ ఇక్కడ కూర్చున్నాడా? నేను సాక్ష్యం చెప్తా."

నవ్వొచ్చే మాటే. కానీ క్రిస్టీనా నవ్వలేదు, ఎందుకంటే ఆ క్షణాన ఆ మాట ఆమెకి తియ్యగా వినిపించింది. బ్లీచింగ్ గీతలు చెరిపేసి, నాలుగు మొక్కల మోళ్లు పాతి, పోయిన వారం తీసిన ఫోటోలు చూపిస్తే? అమ్మ ఇంటికొచ్చేస్తుంది. చీరాలలో కండెలు చుట్టే రాట్నం ముందు అమ్మ వంగి కూర్చున్న తీరు కళ్ల ముందు కదిలింది. ఆ ఆలోచన ఆలోచనగానే ఉండగా జీపు వచ్చి ఆగింది.

శ్యామ్ సుందర్ గారు దిగి నేలకేసి చూశారు, షామియానాకేసి చూశారు, ఆమెకేసి చూశారు.

"ప్లాటు లేదు సార్" అంది క్రిస్టీనా. "నిన్న పీకేశారు. మీరొస్తున్నారని శుభ్రం చేశారు. ముందే ఊళ్లో చెప్పి ఉంచాల్సింది నేను, చెప్పలేదు. పురుగులు మొక్కలతోనే పోయాయి."

"తప్పు నాదండి" అని యలమంద లేచి నిలబడ్డాడు. "ఆ పిల్లకేం తెలవదండి. రాస్తే నా పేరు రాయండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎవరి పేరు రాస్తే ఏముందండీ. నేను చూడని పురుగు గురించి నేనేం రాయగలను?" కోపంగా అనలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధగా అనిపించింది. ఆయన ఫైలు తెరిచి తేదీ వేయబోయారు.

"ఏమ్మాయ్! ఆరుసార్లు ఫోన్ చేయిస్తే తియ్యవేం? అంత పెద్దదానివైపోయావా?"

సర్దార్‌బీ. వెనక ముఠాలోని ఆడవాళ్లు ఏడెనిమిదిమంది, చీరలు పైకి దోపుకుని, నారు నాటడానికి పోయే వేషంలోనే ఉన్నారు. అందరికన్నా చిన్నది నాగజ్యోతి ఫోను ఎత్తి చూపించింది. ఆ తెలియని నంబరు ఆమె మొగుడిది.

"పీకొద్దని ఈ పెద్దాయనకి చెప్పాం. ఇన్లా. నీకు చెబుదామంటే నువ్వు తియ్యలా. మేం పీకకపోతే ఇంకో ముఠాని పెట్టేవాడే. అందుకని ముందు ఏరాం, తర్వాత పీకాం" అంది సర్దార్‌బీ.

"ఏం ఏరారు?" అన్నారు శ్యామ్ సుందర్ గారు.

"పురుగుల్నండీ. పాత పొగాకు బ్యారన్ ఎనకమాల వదిలాం. రండి చూపిస్తా."

ఊరి చివర పొగాకు కాల్చే ఆ బ్యారన్ కొట్టం మూతబడి చాలా ఏళ్లయింది. దాని వెనక ఎవరూ తొక్కని జాగాలో వయ్యారిభామ గుబురుగా పెరిగి ఉంది. మొక్క మొక్కకీ పెంకుపురుగులే. కొన్ని చిగుళ్లు కొరుకుతున్నాయి, కొన్ని జతకట్టి ఉన్నాయి. పసుప్పచ్చ పిల్లపురుగులు ఆకుల అంచున తీరిగ్గా మేస్తున్నాయి. శ్యామ్ సుందర్ గారు జేబులోంచి భూతద్దం తీసి మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆయన ప్యాంటు కూడా బురదయింది.

ఎలా ఏరారో నాగజ్యోతి చెప్పింది. మిరపకాయని కొమ్మ విరగకుండా, తొడిమ ఊడకుండా కోస్తారే, అలాగే రెండు వేళ్లతో తీశారట. సూర్యుడు రాకముందే మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా. యలమంద వచ్చి కేకలేస్తే ఇప్పుడే అన్నానికి కూర్చున్నామని చెప్పారట. అన్నం మాత్రం కొంగుల్లో మూటగట్టుకుని, క్యారియర్లు ఖాళీ చేసి పురుగులకిచ్చారట. మూత పెడితే చస్తాయేమోనని పైన తడిగుడ్డ కట్టారు.

"ఏడొందల దాకా లెక్కపెట్టానండి. తర్వాత తప్పిపోయింది" అంది నాగజ్యోతి, తప్పు చేసినదానిలా.

ఆయన ఒక ఆకు తిప్పి, అడుగున అంటుకుని ఉన్న గుడ్లని క్రిస్టీనాకి చూపించారు. "నిన్న మధ్యాహ్నం తర్వాత పెట్టినవి. కొత్త చోట కూడా పని మానలేదమ్మా మీ పురుగులు." లేచి ఫైలు తెరిచారు. "ప్లాటు లెక్కలు పోయాయని రాస్తాను, అది నిజం. రెండో ఏడు వాటంతట అవే వచ్చాయని, బతికున్నాయని రాస్తాను, అదీ నిజం. వచ్చే వానాకాలం ఊరంతా వదలమని రాస్తాను. కాపాడిన వాళ్ల పేర్లు కూడా రాయాలి. ఒక్కొక్కరూ చెప్పండమ్మా."

పేర్లు అడిగేసరికి అంతసేపూ గలగల్లాడిన ఆడవాళ్లు సిగ్గుపడి ఒకరి వెనక ఒకరు నక్కారు. అందరూ చేతులు కొంగుల్లో దాచుకున్నారు. సిగ్గుకి చేతులెందుకు దాచుకోవాలి? క్రిస్టీనా నాగజ్యోతి మణికట్టు పట్టుకుని బయటికి లాగింది. మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు. పక్కామెకి వేళ్ల సందుల్లో. సర్దార్‌బీకి రెండు చేతులూ ఉబ్బి ఉన్నాయి.

"గ్లౌజులు వేసుకోకుండా నిన్నంతా పీకారా? నేను ఎన్నిసార్లు చెప్పాను!"

"పీకేటప్పుడు ఏసుకున్నాంలేవే" అంది సర్దార్‌బీ. "ఏరేటప్పుడు తీసేశాం. వాటితో పడితే పిల్లపురుగులు పిసికిపోతున్నాయి."

క్రిస్టీనా దగ్గర్లో ఉన్న బోరింగు దగ్గరికి వాళ్లని తీసుకెళ్లి, సంచిలోంచి సబ్బు తీసి, ఒక్కొక్కరి చేతులూ తనే కడిగింది. యలమంద పంచె పైకి దోపుకుని బోరింగు కొట్టాడు. ఇలాంటి మనుషుల మధ్య పుట్టించినందుకు ఎవరికి ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియక, "చేయి ఇటు పెట్టు, ఆ చేయి కూడా" అని మాత్రం అంటూ ఉంది.

సర్దార్‌బీ వంతు ఆఖరున వచ్చింది. ఆమె చేయి వెనక్కి లాక్కుంది.

"నావి కడగమాక."

"ఏం పిన్నీ?"

"మీ అమ్మని కోతలకి రావద్దన్నది నేనే." ఆమె నేలకేసి చూస్తూ అంది. "ఆసాములెవరూ అన్లేదు. అందరికీ అంటుకుంటదని భయపడి, నేనే అన్నా. ఆ రోజు మీ అమ్మ సాలు సగంలో ఉంది. బుట్ట అక్కడే పెట్టి, ఒక్క మాట అనకుండా గట్టెక్కి వెళ్లిపోయింది. నిన్న ఆ పురుగుల్ని ఏరుతుంటే పొద్దస్తమానం నాకదే కళ్ల ముందు."

బోరింగు ఆగింది. యలమంద పక్కకి తిరిగాడు. క్రిస్టీనాకి ఆరో తరగతి నాటి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. పొయ్యి ముందు కూర్చున్న అమ్మ వీపు గుర్తొచ్చింది. ఇన్నేళ్లుగా తను ఎవరెవరినో తిట్టుకుంది. అమ్మ ఒక్కసారైనా ఈ పేరు చెప్పలేదు. ఆమె లోపల ఏదో రగిలింది, ఆ ఉబ్బిన చేతుల్ని చూస్తుండగానే చల్లారింది. సర్దార్‌బీ చేయి పట్టుకుని సబ్బు రుద్దింది, వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ, మోచేతి దాకా. తుడిచి, మందు రాసి, ఫోను తీసి చీరాలకి కలిపింది.

"అమ్మా, అయిపోయింది. వచ్చే వానాకాలం ఊరంతా వదులుతారు. రెండు మూడేళ్లలో నువ్వు ఇంటికొచ్చేయొచ్చు." తర్వాత జరిగిందంతా చెప్పింది, ఆడవాళ్లు ఒట్టి చేతులతో ఏరిన సంగతీ చెప్పింది. "ఇదిగో, సర్దార్‌బీ పిన్ని మాట్లాడుతుంది" అని ఫోను స్పీకర్లో పెట్టి ఆమె ముందు పట్టుకుంది.

"వీరమ్మక్కా" అంది సర్దార్‌బీ. "ఆ రోజు కోతల్లో నేను నిన్ను..."

"అదంతా తర్వాత చెబుదువుగాని" అంది వీరమ్మ అవతలి నుంచి, గాభరాగా. "ముందు చేతులు సబ్బుతో కడుక్కున్నావా లేదా? ఆ చేతులతో మొహం తుడుచుకోమాకే సర్దారూ, కళ్లకి పాకుద్ది. నాకు తెలుసు దాని సంగతి. కడిగావా?"

సర్దార్‌బీ కళ్ల దాకా వెళ్లిన చేతిని అక్కడే ఆపేసింది.

"కడుక్కున్నా అక్కా" అంది. "నీ కూతురే కడిగింది."